చూసినవాళ్లెవరు

మ్యాన్‌హోల్ మూత సందులో గునపం దూర్చి ఇద్దరు కూలీలు ఊగుతూ నొక్కుతున్నారు. మేడ మీద వరండాలో ఆమె తడి దుప్పటి ఆరేస్తోంది. నీళ్ల బరువుకి తీగ కిందికి సాగింది. ఒక కొసకి క్లిప్పు పెట్టి, రెండో కొస పట్టుకుని విదిలించేసరికి కింద మూత పక్కకి జరిగిన చప్పుడైంది. వెంటనే వాసన మేడదాకా వచ్చింది. ఆమె మోచేత్తో ముక్కు మూసుకుని కిందికి చూసింది.

కూలీల్లో పొడుగాటివాడు గుంత అంచున గొంతుక్కూర్చుని లోపలికి తొంగిచూశాడు. చటుక్కున ముఖం తిప్పేసుకున్నాడు.

“గ్యాసుందన్నా. కాసేపు మూత తీసి వదిలేద్దాం. మధ్యాహ్నం దిగుతాను.”

మోటారుసైకిలు మీద అడ్డంగా కూర్చున్న మేస్త్రీ ఫోనులోంచి తల ఎత్తలేదు. “మధ్యాహ్నందాకా నేనిక్కడ ఈగలు తోలుకుంటూ కూర్చోవాలా? దిగు.”

“దిగను. మొన్న పక్క వీధిలోనే కళ్లు తిరిగాయి. మిషను తెప్పించు.”

“మిషను మీ అత్తారింటి నుంచి తెస్తావా? దిగితే దిగు, లేకపోతే రేపట్నుంచి రాకు. మీ వాళ్లెవరికీ ఈ ఊళ్లో పనుండదు.”

పొడుగాటివాడు రెండో కూలీ వంక చూశాడు. వాడు నేలచూపులు చూశాడు. పొడుగాటివాడు చొక్కా విప్పి, గుండీలు పెట్టి, జాగ్రత్తగా మడిచి ప్రహరీగోడ మీద పెట్టాడు. నడుముకి తాడు కట్టుకుని ముడి లాగి చూసుకున్నాడు. ముందు బకెట్టు దించి, ఇనప మెట్టు మీద కాలు పెట్టి, గుండెలనిండా గాలి పీల్చుకుని దిగాడు.

ఆమె దుప్పటి రెండో కొసకి క్లిప్పు పెట్టి దిండుగలీబు అందుకుంది. దాన్ని పిండుతుండగానే కింద కేక వినిపించింది. రెండో కూలీ ఒక్కడే తాడు లాగుతున్నాడు. మేస్త్రీ ఫోను జేబులో పెట్టి తనూ చెయ్యి వేశాడు. మనిషి పైకి రావడానికి చాలాసేపు పట్టింది. రోడ్డు మీద వెల్లకిలా పడుకోబెట్టి ముఖాన నీళ్లు కొట్టారు. చెంపలు తట్టారు. ఆ పొడుగాటి కాళ్లు ఎలా పెడితే అలాగే ఉండిపోయాయి. రెండో కూలీ ఆ ముఖంలోకి ఒకసారి చూసి, గునపం అక్కడే పడేసి సందు చివరికి పరుగెత్తాడు.

మేస్త్రీ పరుగెత్తలేదు. వీధి అటూ ఇటూ చూశాడు. మోటారుసైకిలు పక్కసంచిలోంచి సారా సీసా తీశాడు. ఒక మోకాలు నేలకానించి, చచ్చినవాడి గడ్డం పట్టుకుని నోరు తెరిచి కొంచెం పోశాడు. మిగిలింది బనియను మీద ఒంపాడు. నడుముకున్న తాడు విప్పి, చుట్ట చుట్టి సంచిలో పెట్టాడు. అంతా నింపాదిగా చేశాడు. లేచి ప్యాంటు దులుపుకుంటూ అప్పుడు పైకి చూశాడు.

దుప్పటి మీదుగా ఆమె కళ్లూ అతని కళ్లూ కలిశాయి.

ఆమె వెనక్కి అడుగులు వేసుకుంటూ లోపలికొచ్చి తలుపు గడియ పెట్టింది. పెట్టాక తనకే వింతగా అనిపించింది. పట్టపగలు, సొంత ఇల్లు. దిండుగలీబు ఇంకా చేతిలోనే ఉంది. దాని నీళ్లు గచ్చు మీద కారుతున్నాయి.

వీధిలో ఆమెను అందరూ పీపీ గారంటారు. ఉద్యోగమంతా ప్రభుత్వం తరఫున నేరస్థుల మీద కేసులు నడిపిన పబ్లిక్ ప్రాసిక్యూటరు. రిటైరయ్యాక కూడా ఆ పిలుపు పోలేదు. హంతకుల ముఖంలో ముఖం పెట్టి మాట్లాడేదని, జడ్జిగారు విసుక్కున్నా గొంతు తగ్గించేది కాదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మనిషి ఇప్పుడు గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది.

కింద ముందుగదిలో భర్త తన కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నాడు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. రోజూ పొద్దున ఆ వేళకి ప్రార్థన చేసుకోవడం అలవాటు.

“ఏమిటా గోల?” అన్నాడు కళ్లు తెరవకుండానే.

“ఏమో. డ్రైనేజీ వాళ్లు” అంది.

ఆమె దిండుగలీబు పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది.

ఎస్సై వచ్చేసరికి శవాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. ఎస్సై కుర్రవాడే. ఆమె చివరి కేసుల్లో సాక్ష్యం చెప్పడానికి వచ్చి, బోనెక్కే ముందు ఆమె దగ్గర పాఠం అప్పజెప్పినట్టు అంతా అప్పజెప్పినవాడు. టోపీ చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వాడి వెనక, గేటు దగ్గర, మేస్త్రీ రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

“తప్పతాగి ఉన్నాడు మేడమ్. మూత తీసి ఉంటే తూలి పడ్డాడు. చూసినవాళ్లెవరైనా ఉన్నారా అని ఇల్లిల్లూ అడుగుతున్నాను. మీరు లోపలే ఉండుంటారు.”

ఆమె గేటు వైపు చూసింది. మేస్త్రీ తుడుచుకోవడం ఆపాడు.

“బట్టలు ఆరేస్తున్నాను” అంది. “దుప్పటి అడ్డంగా ఉంది.”

“అదే మేడమ్. చూడలేదని రాసుకుంటాను.”

చెప్పిన రెండు మాటల్లో ఒక్క అబద్ధం లేదు. అదే ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు. దుప్పటి ఎంత ఎత్తులో ఉంది, మీ ఎత్తెంత, దాని మీంచి వీధి కనిపిస్తుందా కనిపించదా, సూటిగా చెప్పండి. ప్రశ్నలు ఎవరూ పిలవకుండానే వరసగా వచ్చి నిలబడ్డాయి. అడుగుతున్నదీ తనే, బోనులో ఉన్నదీ తనే. గ్యాస్ పొయ్యి వెలిగించి, పాలు పెట్టడం మర్చిపోయి, మంట వంక చూస్తూ నిలబడింది.

మర్నాడు పొద్దున కౌన్సిలర్ వచ్చాడు. డ్రైనేజీ కాంట్రాక్టు ఆయన బావమరిదిదే. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చేతిలో పళ్లసంచి. లోపలికి వస్తూనే మాస్టారికి వంగి దండం పెట్టాడు.

“బావగారూ, మీ ప్రార్థనలో నాకోసం కూడా ఒక మాట చెప్పండి. ఎన్నికలు దగ్గరికొస్తున్నాయి” అని నవ్వాడు.

మాస్టారు నవ్వలేదు. కుర్చీ చూపించాడు.

“అక్కా, మీతో పనుండి వచ్చాను” అన్నాడు కౌన్సిలర్ కూర్చుంటూ. “ఇంత చదువు, ఇంత అనుభవం, అంతా ఈ నాలుగ్గోడల మధ్య ఉండిపోతే ఎలా? ఊరికి న్యాయ సలహా సంఘం పెడుతున్నాం. మీరే అధ్యక్షురాలు. కారు, గది, పనికో మనిషి, అన్నీ ఉంటాయి. మీలాంటివాళ్లు ప్రజాజీవితంలోకి రావాలి. మాలాంటివాళ్లు ఎంతకాలమని మోస్తాం?”

“నాకు ఓపిక లేదు” అంది.

“ఓపిక వస్తుంది. తొందరేం లేదు.” టీ గ్లాసు అందుకుని ఊదుకుంటూ తాగాడు. “నిన్న పాపం ఎవడో తాగుబోతు మీ గుమ్మం ముందే పోయాడట. మీకెంత ఇబ్బందో. ఆ మూత దగ్గర గట్టి సిమెంటు వేయించమని చెప్పాను. అన్నట్టు మీ మనవరాలు ఆ మలుపు బడిలోనే కదా? పచ్చసంచి తగిలించుకుని గెంతుకుంటూ వస్తుంది. నిన్న బడి వదిలినప్పుడు కారు ఆపించి మరీ చూశాను. ముచ్చటేసింది.”

టీ బాగుందన్నాడు. వెళ్తూ వెళ్తూ మళ్లీ దండం పెట్టాడు.

గేటు మూసుకున్నాక కూడా ఆమె నిలబడే ఉంది. కోర్టులో ఇంతకంటే పెద్ద బెదిరింపులు విన్నది. బోనులోంచి వేలు చూపించి, నీ అంతు చూస్తానన్నవాళ్లున్నారు. అప్పుడు ఒంటి మీద నల్లకోటుండేది, పక్కన పోలీసులుండేవాళ్లు, వెనక ప్రభుత్వముండేది. ఇంటికొచ్చి అన్నం తిని నిద్రపోయేది. ఆ ధైర్యమంతా తన సొంతమనుకుంది. ఇప్పుడు ఒక మనిషి టీ తాగి మెచ్చుకుని వెళ్తే గేటు గడియ పడిందో లేదో రెండోసారి చూసుకుంది.

మాస్టారు పళ్లసంచి తీసుకెళ్లి పెరట్లో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు.

“అతను పాప ఊసెందుకెత్తాడు?” అన్నాడు.

“నాకేం తెలుసు? పిల్లలంటే ముద్దేమో.”

ఆయన మళ్లీ కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. అది చూసి ఆమెకు ఒళ్లు మండింది.

“మీ దేవుడు అన్నీ చూస్తుంటాడు కదా. చూసినవాడు నోరు విప్పడెందుకు? వచ్చి సాక్ష్యం చెప్పమనండి.”

“ఆయనకి సమన్లు ఎవరిస్తారు?” అన్నాడు మాస్టారు. ఎప్పుడూ వేసే రకం జోకే. కానీ కుర్చీ చేతుల్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉన్నాడు. మనవరాలి కోసం భయపడుతున్నాడనుకుంది. ఆయనకి ఈ సంగతి అంటకుండా చూడాలి. మెతక మనిషి. తెలిస్తే అన్నం మానేస్తాడు.

కూతురు బ్యాంకులో పని చేస్తుంది. బడి వదిలాక పాప సాయంత్రందాకా అమ్మమ్మ దగ్గరే ఉంటుంది. ఆ మధ్యాహ్నం ఆమె బడి వదలడానికి చాలా ముందే వెళ్లి గేటుకి ఎదురుగా నిలబడింది. పాప చెయ్యి పట్టుకుని, రోడ్డు దాటించి, ఇంటికొచ్చేదాకా వదల్లేదు. “అమ్మమ్మా, చెయ్యి నొప్పెడుతోంది” అని పాప రెండుసార్లు అంది.

ఆ మర్నాడు వాన పట్టుకుంది. మధ్యాహ్నానికి సందులో చీలమండలదాకా నీళ్లు నిలిచాయి. గొడుగు వేసుకుని, గోడవారగా నడిచి బడికి చేరేసరికి పిల్లలు సగం మంది వెళ్లిపోయారు. రేకుల కింద మిగిలిన పిల్లల్లో పచ్చసంచి కనిపించలేదు. ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వెళ్లింది. వరస చివరికొచ్చి మళ్లీ మొదట్నుంచి చూసింది.

“మీ మనవరాలా అమ్మగారూ? వెళ్లిపోయింది కదా” అంది గేటు దగ్గర ఆయా. “మీ ఇంటి మనిషే వచ్చాడు. పేరు పెట్టి పిలిచాడు. అమ్మమ్మకి వానలో రావడం కష్టమని పంపారన్నాడు.”

గొడుగు ఎక్కడ వదిలేసిందో ఆమెకు తెలియదు. పరుగెత్తే వయసు కాదు, పరుగెత్తింది. ఒక చెప్పు నీళ్లలో కొట్టుకుపోయింది. నోట్లోంచి ఏదో శబ్దం వస్తోంది, అది పాప పేరో ఇంకేదో తనకే తెలియడం లేదు. ఎదురొచ్చిన ఆటోవాడు బ్రేకు వేసి తిట్టాడు. మలుపు తిరిగింది.

పాప ఇంటి మెట్టు మీద కూర్చుని చాక్లెట్ కాగితం విప్పుకుంటోంది. ఒంటి మీద ఒక్క చుక్క తడి లేదు. ఎవరిదో పెద్ద రెయిన్‌కోటు కప్పి ఉంది. సందు చివర మోటారుసైకిలు ఎర్రదీపం ఒకసారి వెలిగి మలుపు తిరిగింది.

ఆమె పాపను ఒడిసి పట్టుకుంది. తల, భుజాలు, చేతులు తడిమి చూసింది.

“ఎవరమ్మా తీసుకొచ్చింది?”

“మేస్త్రీ మామయ్య. బండి మీద ముందు కూర్చోబెట్టుకున్నాడు. హారను నన్నే కొట్టమన్నాడు.” పాప చాక్లెట్ బుగ్గన పెట్టుకుంది. “నీకు ఒక మాట చెప్పమన్నాడు అమ్మమ్మా. వానాకాలం కదా, మేడ మీద బట్టలు ఆరేయొద్దని చెప్పమన్నాడు.”

సాయంత్రం కూతురు వచ్చేసరికి పాప నిద్రపోతోంది. పక్కన ఆమె తడిబట్టలతోనే కూర్చుని ఉంది. దాచడానికి ఇంక ఓపిక లేదు. వంటింట్లోకి పిలిచి, కొళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో కూతురికి చూసిందంతా చెప్పింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో సాక్షులు రహస్యంగా మాట్లాడేటప్పుడు ఇలాగే కొళాయి తిప్పేవాళ్లు.

కూతురు కొళాయి కట్టేసింది.

“ఎవరికైనా చెప్పావా?”

“లేదు.”

“చెప్పకు. అమ్మా, నువ్వు రిటైరయ్యావు. ఇప్పుడు నువ్వు పీపీవి కావు, పాపకి అమ్మమ్మవి. ఆ మనిషి ఎలాగూ తిరిగి రాడు.”

“వాడు తాగలేదే.”

“తాగలేదు. అయితే? కోర్టులో ఏమవుతుందో నాకంటే నీకే తెలుసు. ఏళ్లకేళ్లు పడుతుంది. అన్నేళ్లూ దీన్ని బడికెవరు తీసుకెళ్తారు? ఆ ఎస్సైయా?”

ఇదే మాట ఎంతోమంది తల్లులు కోర్టు వరండాలో ఆమెతో అన్నారు. చట్టం మీ వెంట ఉంటుందని చెప్పి లోపలికి పంపింది. చట్టం బడి గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడదని ఆ తల్లులకి తెలుసు. కూతురు నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని, కొన్నాళ్లు అత్తగారింట్లో ఉంటామని చెప్పి ఆటో ఎక్కింది. మాస్టారు గేటుదాకా వెళ్లాడు. ఆటో కనుమరుగయ్యాక కూడా వానలో చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

పాప దూరంగా ఉంటే భయం తగ్గుతుందనుకుంది. తగ్గలేదు, చోటు మార్చుకుంది. తలుపు చప్పుడైతే భయం, కాకపోతే భయం. పాలవాడు బెల్లు కొట్టినా కిటికీలోంచి చూసి గాని తలుపు తియ్యలేదు. అందుకే ఆ పొద్దున గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడి ఉంటే ఆమె తలుపు సగమే తెరిచింది.

సన్నటి మనిషి. కళ్లు వాచిపోయి ఉన్నాయి. చంకలో కాగితం సంచి. అందులోంచి వానకి తడిసి ఆరిన చొక్కా మడత అంచు కనిపిస్తోంది.

“మీ గోడ మీద ఉందంటే తీసుకుందామని వచ్చానమ్మా” అంది. “మా ఆయనది.”

ఆమె తల ఊపింది. తలుపు వదల్లేదు.

“ఒక్క మాట అడిగి పోతాను. మీరు పెద్దవాళ్లు, ఆ టైములో మేడ మీద ఉంటారని చెప్పారు. కోర్టుకి రమ్మనను. ఎవరికీ చెప్పమనను. నాకొక్కదానికి చెప్పండి.” ఆమె సంచిని రెండు చేతులా పొట్టకి హత్తుకుంది. “మా ఆయన తాగాడా?”

వెనక గదిలో ఏదో చప్పుడైంది. మాస్టారు మంచినీళ్లు తెస్తున్నట్టున్నాడు.

“మా పాపకి జ్వరమొచ్చి చావుదాకా వెళ్లింది” అంది ఆ మనిషి. “అప్పుడు దేవుడి ముందు ఒట్టేశాడు, ఇంక ముట్టనని. మూడేళ్లు ముట్టలేదు. పండగకి ముట్టలేదు, ఒళ్లు నొప్పులొచ్చినా ముట్టలేదు. ఇప్పుడు ఊరంతా తాగి చచ్చాడంటున్నారు. మా అత్త శవాన్ని చూడ్డానికి రాలేదమ్మా. దేవుడికిచ్చిన మాట తప్పినవాడి ముఖం చూడనంది. ఆసుపత్రివాళ్లు నిన్ననే శవాన్నిచ్చారు, ఇవాళ సాయంత్రం మట్టి చేస్తాం. తల్లి గుప్పెడు మన్ను వెయ్యకుండా ఎలా పంపను? ఆయన తాగితే తాగాడని చెప్పండి, నేనే మా అత్త కాళ్లు పట్టుకుంటాను. తాగకపోతే ఆ మాట చెప్పండి.”

వీధిలో మోటారుసైకిలు పోతున్న చప్పుడైంది. ఆమె తలుపు ఇంకొంచెం మూసి, ఆ చప్పుడు దూరమయ్యేదాకా ఆగింది. తర్వాత ఆ మనిషి చెయ్యి పట్టుకుని లోపలికి లాగి తలుపేసింది.

“తాగలేదు” అంది. మళ్లీ అంది. “తాగలేదమ్మా. గ్యాసుంది, దిగనన్నాడు. పని పోతుందని బెదిరించి దింపారు. పోయాక నోట్లో పోశారు. నేను చూశాను.”

ఆ మనిషి ఏడవలేదు. గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుని, లోపల చొక్కా మడతని అరచేత్తో సరిచేస్తూ ఉండిపోయింది. మాస్టారు నీళ్ల గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. గ్లాసు ఆ మనిషికి ఇవ్వడం మర్చిపోయాడు.

కాసేపటికి లేచింది. “చాలమ్మా” అంది. “మీరు ఇంకెవరికీ చెప్పకండి. మీకు చిన్నపిల్ల ఉందంట కదా. మీ పేరు నా నోట రాదు.”

“మరి మీ అత్తకి ఏం చెబుతావు?”

“నేనే చూశానని చెబుతాను. అన్నం క్యారియరు ఇద్దామని వచ్చి చూశానంటాను.” తలుపు దగ్గర ఆగి, ముందు వీధిలోకి తొంగిచూసింది. “ఎవరూ లేరు. నేను పోయాక గడియ పెట్టుకోండి.”

గడియ పెట్టుకుంది. పెట్టుకుని దాని మీద చెయ్యి అలాగే ఉంచింది. అక్కడ లేని మనిషి చూశానని చెప్పబోతోంది. మేడ మీద నిలబడి చూసిన మనిషి చూడలేదని పోలీసు కాగితంలో ఉంది. పైగా వెళ్తూ వెళ్తూ, మొగుణ్ణి పోగొట్టుకున్నదే తనకి జాగ్రత్త చెప్పి వెళ్లింది. కేసు ఎవరి తరఫున నడిపావని ఇప్పుడు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు.

లోపలికెళ్లి కళ్లద్దాలు తుడుచుకుంది. చెప్పులు వేసుకుంది.

“బీపీ మాత్రలు అయిపోయాయి. తెచ్చుకుంటాను” అంది.

“నేను తేనా?” అన్నాడు మాస్టారు.

“వద్దు. మీరు బయటికి రాకండి. తలుపేసుకోండి.”

పోలీసు స్టేషను దగ్గరే, కానీ ఆ దారి తరగలేదు. వెనక నుంచి బండి వస్తే గోడకి ఆనుకుని నిలబడింది. టీకొట్టు దగ్గర ఎవరో పీపీ గారూ అని పలకరిస్తే ఉలిక్కిపడింది. కౌన్సిలర్ నవ్వుముఖం పోస్టరు అంటించిన గోడ పక్కనుంచి వెళ్లాల్సి వచ్చింది. తిరిగి పోదామనుకుంది. ఒకసారి నిజంగానే తిరిగి, కొంతదూరం నడిచి, మళ్లీ వెనక్కి వచ్చింది. ధైర్యం వస్తుందేమో, వచ్చాక వెళ్దామని చూసింది. రాలేదు. రాకుండానే స్టేషను మెట్లెక్కింది.

ఎస్సై లేచి నిలబడి కుర్చీ వేశాడు. ఆమె ఏ పని మీద వచ్చిందో చెప్పగానే గది తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

“మేడమ్, ఆ రోజు మీరు చూడలేదన్నారు.”

“అనలేదు. దుప్పటి అడ్డంగా ఉందన్నాను. చూడలేదని నువ్వు రాసుకున్నావు. నేను రాసుకోనిచ్చాను.” చేతులు ఒళ్లో పెట్టుకుని వేళ్లు బిగించింది. “ఇప్పుడు రాసుకో.”

చెప్పడం మొదలుపెట్టింది. వరస తప్పింది. సీసా సంగతి ముందొచ్చింది, దిగనన్న మాట తర్వాత గుర్తొచ్చింది. మధ్యలో నోరెండిపోతే నీళ్లడిగింది. ఇలా తడబడే సాక్షిని చూస్తే అవతలి లాయరు లోపల ఎంత సంతోషిస్తాడో ఆమెకు తెలుసు. ఎస్సై కలం పట్టుకున్నాడు గాని కాగితం మీద పెట్టలేదు. అంతా విన్నాక ముఖం తుడుచుకున్నాడు.

“నేను కాదనను మేడమ్. మీరు నాకు గురువులాంటివాళ్లు, అందుకే చెబుతున్నాను. సారా వాసన వచ్చిందని డాక్టరు రాసిచ్చేశాడు, అంతకంటే లోతుగా పరీక్షించలేదు. రెండో కూలీ ఊళ్లో లేడు. మిగిలింది మీరొక్కరు. మేడ మీద నుంచి, కళ్లద్దాల్లోంచి. అంత దూరంలో మాటలెలా వినిపించాయని అవతలివాళ్లు అడుగుతారు. మొదటిరోజు ఒకలా, ఇవాళ ఇంకోలా ఎందుకు చెప్పారంటారు. మీరైతే ఇలాంటి సాక్ష్యాన్ని కోర్టులో పెట్టేవాళ్లా?”

ఆమె ఆలోచించింది. “పెట్టేదాన్ని కాదు” అంది.

“ఇంకెవరైనా చూసినవాళ్లు, విన్నవాళ్లు ఉన్నారా?”

“లేరు.”

“ఉన్నారు” అన్నారెవరో.

తలుపు తోసి మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చొక్కా గుండీలు ఒక కాజాకి పెట్టాల్సింది ఇంకోదానికి పెట్టుకున్నాడు. నడిచొచ్చిన ఆయాసంతో గుండె ఎగసిపడుతోంది.

ఆమె లేచింది. “మీరెందుకొచ్చారు? ఇంటికి వెళ్లండి.”

“మందుల షాపు ఇటు లేదు కదా” అన్నాడు ఆమెతో. తర్వాత ఎస్సై వైపు తిరిగాడు. “వాసనొస్తోందని ముందుగది కిటికీ మూయడానికి లేచాను. వాళ్లు గోడకి అవతలే, నాకు నాలుగడుగుల దూరంలో ఉన్నారు. గ్యాసుంది, దిగనన్నాడు ఆ అబ్బాయి. మాట తడబడలేదు, కాలు తూలలేదు. మేస్త్రీ అన్న మాటలన్నీ విన్నాను. తర్వాత నేను కిటికీ మూసేశాను. మూసేసి ప్రార్థనకి కూర్చున్నాను. ఆ రోజు నుంచి కూర్చుంటూనే ఉన్నాను గాని ఒక్క మాటా రావడం లేదు.”

“ఆయనకి ఒంట్లో బాగాలేదు. ఏదో మాట్లాడుతున్నాడు” అంది ఆమె ఎస్సైతో. తన గొంతు తనకే బతిమాలుతున్నట్టు వినిపించింది. “రాయకు.”

“నువ్వు మేడ మీద ఉన్నావని నాకు తెలుసు” అన్నాడు మాస్టారు. “నీకు తెలిసిపోతుందని నేను, నాకు తెలిసిపోతుందని నువ్వు. ఒకే ఇంట్లో దాచుకున్నాం. పొద్దున ఆ అమ్మాయి, నేనే చూశానని చెబుతానంటే ఇంక నిలబడలేకపోయాను.”

ఎస్సై సొరుగు లాగి కొత్త కాగితాలు తీశాడు. అంచులు బల్లకి తట్టి సమంగా చేశాడు.

“ఇద్దరైతే వేరే సంగతి మేడమ్. రాయక తప్పదు. మేస్త్రీని ఇవాళే తీసుకొస్తాను. వాడి పైవాళ్ల సంగతి నేను చెప్పలేను. అబద్ధమెందుకు, నాకూ భయంగానే ఉంది.” కలం మూత తీశాడు. “ముందు ఎవరు చెబుతారు?”

తమ ఇంటి మీదికి ఇంక ఏ క్షణాన ఏం వస్తుందో ఆమెకు బాగా తెలుసు. ఆయన్ని దీన్లోకి రానివ్వకూడదనే ఒంటరిగా వచ్చింది. ఇప్పుడు కాపాడుకోవాల్సిన ప్రాణం ఇంకొకటి చేరింది. మాస్టారు గోడకి చెయ్యి ఆనించి ఆయాసం తీర్చుకుంటున్నాడు. బల్లకి ఇవతల ఉన్నది ఆ ఒక్క కుర్చీయే. ఆమె కూర్చుని, ఒక పక్కకి సర్దుకుని, మిగిలిన చోటు మీద అరచేత్తో తట్టింది.